ఎరీనా అవ్వ కాలరు గుండీ

కలిసి మోకరిల్లినవాళ్ళు ఒకరి శవాన్ని ఒకరు వదిలిపెట్టరని మా రువాంగ గని కాలనీలో ఒక నమ్మకం ఉంది. గని నడిచిన రోజుల్లోనూ ఉంది, గని మూతపడ్డాకా ఉంది. పాస్టర్లు దాన్ని ప్రసంగాల్లో వాడుకుంటారు. బీరు దుకాణం ముందు కూర్చుని దేవుణ్ణి విమర్శించేవాళ్ళు కూడా దాన్ని కాదనరు. పైన ఎవరున్నా లేకున్నా, చర్చి అంటూ ఉంటే పెట్టె మోయడానికి భుజాలు దొరుకుతాయన్నది వాళ్ళ వాదన. ఒక్క సంఘటనతో ఏ నమ్మకమూ రుజువు కాదు, తప్పనీ తేలదు. అయినా అది పరీక్షకు నిలబడిన సందర్భం ఒకటి మా వీధిలోనే జరిగింది గనుక, దాన్ని జరిగింది జరిగినట్టు చెప్పి ఉంచడం మంచిది.

మిషన్ చర్చిలో ఎర్ర జాకెట్ల స్త్రీలది ప్రత్యేకమైన సంఘం. ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, నల్ల స్కర్టు, తెల్ల టోపీ. గురువారం మధ్యాహ్నం వాళ్ళు చర్చిలో చేరి ప్రార్థిస్తారు. ఆ వేళ మగవాళ్ళకు లోపల పని లేదు, పాస్టరుకు కూడా. ఆ జాకెట్టు బట్టల కొట్లో దొరికేది కాదు. ఏళ్ళ తరబడి నడవడి చూసి ఒక పెద్దామె ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఆదివారం అందరి ముందు ఆమే కొత్తామె మెడ దగ్గర కాలరు గుండీ పెడుతుంది. ఆ రోజు నుంచి పెట్టినామె తల్లి, పెట్టించుకున్నామె కూతురు. తల్లి పోయిన రోజున శవానికి తొడిగిన జాకెట్టుకు ఆ మెడ గుండీ పెట్టేది ఆ కూతురే. ఇంకొకరు పెట్టకూడదు. గుండీ పెట్టని కాలరుతో మా స్త్రీలెవరినీ మట్టిలో దించలేదని పెద్దవాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు.

సంఘానికి నాయకురాలు మాయి గుమీరో. మాయి అంటే అమ్మ, పెళ్ళైన స్త్రీని మావైపు గౌరవంగా పిలిచే మాట. పొడగరి, మాట తక్కువ, నడక గట్టిది. ఆమె కాలరు గుండీ పెట్టింది ఎరీనా అవ్వ. అవ్వకు పిల్లలు లేరు, భర్త గనిలోనే పోయాడు. మాయి గుమీరోకు ఊహ తెలిసేనాటికే తల్లి లేదు. ఈ రెండు లేములూ కలిసి ఒక బంధుత్వమయ్యాయి. అవ్వ మోకాళ్ళు పట్టేసి మంచాన పడ్డాక, ప్రతి గురువారం ప్రార్థన ముగియగానే మాయి గుమీరో వేరుసెనగ ముద్ద కలిపిన జావ గిన్నెతో ఆ ఇంటికి వెళ్ళేది. భర్త ఆకలితో ఉన్నా సరే, ముందు ఆ గిన్నె నిండాల్సిందే.

గని మూతపడ్డాక మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒక గది అద్దెకు వెళ్ళింది. అవ్వ ఇంటి వెనక గదిలోకి లవ్‌నెస్ అనే అమ్మాయి వచ్చింది. బస్టాండు దగ్గర టమాటాలు అమ్ముకునేది. ఆదివారం ఆమె వెళ్ళేది పాత ఫుట్‌బాల్ మైదానంలో వేసిన టెంటు చర్చికి. మంచాన ఉన్న ముసలామె, గోడ అవతల ఒంటరి అమ్మాయి. తెల్లారి లేచాక ఒకరికి నీళ్ళు కావాలి, ఒకరికి పలకరింపు కావాలి. ఇందులో దేవుడి ప్రమేయం ఎంతన్నది తేల్చడం కష్టం.

ఒక గురువారం మాయి గుమీరో వెళ్ళేసరికి అవ్వ మూతి తుడుచుకుంటోంది.

"వచ్చావా బిడ్డా? ఇప్పుడే తాగాను. ఈ పిల్ల తాగించింది."

లవ్‌నెస్ లేచి, మోకాళ్ళు కాస్త వంచి, అరచేతులు మెల్లగా తట్టి పలకరించింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మాయి గుమీరోకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏం జావ?"

"వేరుసెనగ జావే అమ్మా. అవ్వ నోరు చప్పగా ఉందంటే కాస్త నిమ్మరసం పిండాను."

"అవ్వకు పులుపు పడదు."

"పడుతోందే," అంది అవ్వ మంచం మీంచి. "ఇన్నాళ్ళూ నువ్వు పిండలేదు గనక పడదనుకున్నాం."

మాయి గుమీరో తన గిన్నెను బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని, కీర్తన పాడకుండానే వచ్చేసింది.

మరునాడు లవ్‌నెస్ ఆ గిన్నెను తోమి తెచ్చి ఇచ్చింది. గిన్నె ఖాళీగా లేదు. అడుగున కట్ట కట్టిన లేత ఆకుకూర ఉంది. ఖాళీ గిన్నె వచ్చి ఉంటే, మర్యాద తెలియని పిల్ల అనుకుని మాయి గుమీరో స్థిమితపడేది. నిండు గిన్నె రావడమంటే అటువైపున సాటి మనిషి ఒకతె ఉన్నట్టు. అవ్వ ఇంటికి సంబంధించినంతవరకు తనకు సాటి ఉండడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆ కూర వండి భర్తకు పెట్టింది, తాను ముట్టలేదు.

అప్పటి నుంచి ఆమె సంతకు వెళ్ళే దారి మారింది. అవ్వ ఇంటి వెనక సందు చుట్టుదారే అయినా, అక్కడి నుంచి దండెం కనిపిస్తుంది. అవ్వ గౌను, లవ్‌నెస్ రవిక ఒకే తీగ మీద, చెయ్యి చెయ్యి తగిలేలా ఆరుతూ ఉండేవి. ఒకసారి కిటికీలోంచి టెంటువాళ్ళ పాట వినబడింది. చప్పట్లతో పరుగెత్తే పాట. దాని కిందుగా అవ్వ గొంతు, గురువారం కీర్తన నడకలో, నిదానంగా వినిపిస్తోంది. ఆ నిదానం తనకు నేర్పిన గొంతు అది. వేరొకరి పాటకు అరువు వెళ్ళిందని ఆమెకు తోచింది.

లవ్‌నెస్‌ను అమాయకురాలని చెప్పడమూ సత్యం కాదు. కుళాయి దగ్గర ఎర్ర జాకెట్లవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నప్పుడే ఆమె గొంతు పెరిగేది. "మా అవ్వ రాత్రి బాగా పడుకుంది. మా అవ్వ నన్ను తప్ప ఎవరినీ వీపు రుద్దనివ్వదు." ఆ "మా" అన్న మాటను ఆమె బిందె నింపినట్టు నింపేది. టెంటు పాస్టరు కూడా ఆదివారం మైకులో, మిషన్ చర్చి నుంచి ఒక తల్లి వెలుగులోకి వచ్చిందని ప్రకటించాడు. అవ్వ ఆ టెంటు మొహం కూడా చూసి ఎరగదు.

ఈ వార్తను మాయి బెకీ మోసుకొచ్చింది. ఆమె ఎర్ర జాకెట్లలో ఒకతె, ఏ మాటా నవ్వకుండా చెప్పడం ఆమెకు రాదు.

"నీ తల్లికి కొత్త సంబంధం కుదిరిందటగా, మాయి గుమీరో."

"ఏం సంబంధం?"

"టెంటు సంబంధం. నూనె కూడా రాశారట, తల మీద, ధారగా. మనకు కూరలో వేసుకోవడానికే లేదు, వాళ్ళు ముసలావిడ నెత్తిన పోశారు. వేడి చేసి ఉంటే బజ్జీలు వేసుకోవచ్చు."

మాయి గుమీరో నవ్వలేదు. ఆ సాయంత్రమే వెళ్ళింది. లవ్‌నెస్ ఇంకా బస్టాండు నుంచి రాలేదు.

"అవ్వా, టెంటువాళ్ళు నీకు నూనె రాశారా?"

"రాశారు. మోకాళ్ళకు రాయండ్రా అంటే తలకు రాశారు. నొప్పి ఒక చోట, మందు ఒక చోట. తర్వాత ఈ పిల్లే మోకాళ్ళకు రుద్దింది. తగ్గింది."

"ప్రార్థన చేశారా?"

"అరిచారు. దేవుడికి చెవుడని వాళ్ళకెవరో చెప్పినట్టున్నారు." అవ్వ నవ్వబోయి దగ్గింది. "ప్రార్థనకు తగ్గిందో, రుద్దితే తగ్గిందో నాకేం తెలుసు బిడ్డా. తగ్గిందని తెలుసు."

"అయితే నువ్వు ఎవరి మనిషివి ఇప్పుడు?"

"నేనా? ముసలిదాన్ని. జావ ఎవరు తెస్తే వాళ్ళ చేతి జావ తాగుతాను. చర్చి మారే వయసా ఇది?"

నా మనిషివా, దాని మనిషివా అన్న ప్రశ్న మాయి గుమీరో నోటిదాకా వచ్చింది. అరవై దగ్గరపడుతున్న స్త్రీ, సంఘ నాయకురాలు, అలాంటి ప్రశ్న అడగకూడదు. మిషన్ మనిషివా, టెంటు మనిషివా అని మాత్రం అడగవచ్చు. దానికి సంఘంలో పద్ధతి ఉంది, అధికారం ఉంది, గిలక కూడా ఉంది.

గిలక అంటే గింజలు నింపిన ఎండు సొరకాయ. గురువారం పాటకు తాళం వేసేది అదే. నాయకురాలు దాన్ని బలిపీఠం ముందు నేల మీద పెట్టి చెప్పిన మాట మూడు నెలలకోసారి జరిగే సంఘ సమావేశం దాకా మారదు. చెప్పినామె కూడా దాన్ని మార్చడానికి వీల్లేదు. పెద్దవాళ్ళు ఆ అధికారాన్ని చాలా అరుదుగా వాడేవారు. ఆ గురువారం మాయి గుమీరో గిలకను నేల మీద పెట్టింది.

"టెంటు నూనె తలకు రాయించుకున్నవాళ్ళకు మన సంఘంలో కాలరు గుండీ పెట్టడం జరగదు. తిరిగి వచ్చి మన మధ్య మోకరిల్లేదాకా జరగదు."

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనవసరం లేదు. ఊళ్ళో నూనె రాయించుకున్న ఎర్ర జాకెట్టు ఒక్కటే.

"నడవలేనివాళ్ళ సంగతో?" అంది మాయి బెకీ వెనక బెంచీ నుంచి.

"కబురు పంపవచ్చు. నన్ను పిలిపించుకోవచ్చు."

ఆమె కోరినది అదే. అవ్వ భయపడాలి, మనిషిని పంపాలి, తాను వెళ్ళాలి. ఆ పిల్ల గుమ్మం అవతల నిలబడి ఉండగా అవ్వ తన చెయ్యి పట్టుకోవాలి. ఈ దృశ్యాన్ని ఆమె ఎన్నిసార్లు ఊహించుకుందో గాని, ఆ రోజుల్లో ఆమె ముందుగది ఎప్పుడూ ఊడ్చి ఉండేది, మంచి స్కర్టు ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉండేది. గేటు చప్పుడైతే కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చునేది.

కబురు ముసలి ఫనుయేల్ తెచ్చాడు. అతను అవ్వ అత్తవారింటికి తరతరాల సహ్విరా. పెళ్ళిలోనూ చావులోనూ ఆ ఇంటివాళ్ళను నవ్వించే హక్కు, నిలదీసే హక్కు అతనిది. అతనేమన్నా ఎవరూ కోపగించకూడదు.

"నువ్వు పెట్టిన ఆజ్ఞ అవ్వకు చెప్పాను," అన్నాడు గుమ్మంలోనే చతికిలబడి.

"ఏమంది?"

"నవ్వింది."

"నవ్విందా?"

"'గుమీరోకు పిలుపు కావాలా? నా తలుపుకు ఏనాడైనా గడియ వేశానా?' అంది."

"అంటే రమ్మందా?"

"గడియ లేదంది. మాట మోయడమే నా పని, అర్థం విప్పడం నీ పని. ఇంట్లో మహేవు ఉంటే ఒక లోటా పొయ్యి, గొంతు ఎండింది."

ఆమె పులిసిన జావ ముంచి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, గోడ వైపు చూస్తూ అడిగింది. "ఆ పిల్ల అక్కడే ఉందా?"

"ఏ పిల్ల?"

"ఉంది కదా."

"ఓ, ఆ పిల్లా? ఉంది. అవ్వ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తోంది. ముసలిది కళ్ళు మూసుకుని, ఎండలో పిల్లిలా ఉంది. ఇంకా ఎన్నాళ్ళు ఎదురుచూస్తావు నువ్వు? రేపు వస్తావా?"

ఆ గోళ్ళ మాట అనకుండా ఉంటే ఆమె వెళ్ళేదేమో చెప్పలేం. గోళ్ళ సంగతి తనకెప్పుడూ తట్టలేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"పిలిస్తే వస్తాను," అంది.

"పిలిచిందనే నాకు తోచింది."

"నాకు తోచలేదు."

ఫనుయేల్ లోటాను బోర్లించి లేచాడు. "మీ ఎర్ర జాకెట్లవాళ్ళకు స్వర్గంలో కూడా పిలుపు చీటీ కావాలేమో. గేటు తెరిచే ఉందంటే నమ్మరు."

ఆమె వెళ్ళలేదు. తరువాతి గురువారమూ, ఆ తరువాతి గురువారమూ ఆమె జావ గిన్నె గూట్లోనే ఉంది.

చలికాలం ముదిరింది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు గట్టిపడే రోజుల్లో ఎరీనా అవ్వ చనిపోయింది. మూడు నెలల సమావేశం ఇంకా రాలేదు.

పొద్దెక్కేసరికి అవ్వ మరిది కొడుకు ఊరి నుంచి వచ్చాడు. టెంటు స్త్రీలు అప్పటికే ఇంట్లో ఉన్నారు. తమ చర్చి పేరు అచ్చువేసిన తెల్ల చొక్కా ఒకటి తెచ్చారు, శవానికి తొడగడానికి.

"మా పెద్దమ్మ ఎర్ర జాకెట్టే వేయమంది," అన్నాడతను.

"ఆ జాకెట్టువాళ్ళు ఆమెను వెలివేశారు కదా బాబూ. వెలివేసినవాళ్ళ బట్ట ఎందుకు?"

"మీరు కూడా వెళ్ళిపోతే నేనే తొడుగుతాను."

వాళ్ళు మొహాలు ముడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళారు. లవ్‌నెస్ ఒక్కతే ఉండి, శవానికి నీళ్ళు పోసి, తలగడ కింద మడత పెట్టి ఉంచిన ఎర్ర జాకెట్టు తీసి తొడిగింది. చేతులు దూర్చి, రొమ్ము మీది గుండీలన్నీ పెట్టింది. మెడ దగ్గరిది మాత్రం వదిలేసింది. దాని సంగతి అవ్వ చెప్పే ఉంచింది.

ఎర్ర జాకెట్లు వరుసగా నడిచి వచ్చి కంచె బయట నిలిచాయి. లోపల టెంటు స్త్రీలు డోలు కొడుతూ పాట అందుకున్నారు. బయట వీళ్ళు తమ కీర్తన అందుకున్నారు. ఒకరి చరణం ముగియకముందే ఇంకొకరు గొంతు పెంచారు. అవ్వ కోసం పాడుతున్నారో, అవతలివాళ్ళను ముంచడానికి పాడుతున్నారో విన్నవాళ్ళకు తెలుస్తూనే ఉంది. డోలు పగిలిపోతుందేమోనని మగవాళ్ళు నవ్వుకున్నారు.

అప్పుడు ఫనుయేల్ బయటికి వచ్చాడు. అవ్వ శాలువా కప్పుకున్నాడు, అవ్వ కర్ర పట్టుకున్నాడు, మోకాళ్ళు పట్టేసినట్టు కుంటుతూ అచ్చం అవ్వలాగే కంచె దాకా నడిచాడు. రెండు పాటలూ ఆగిపోయాయి. జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఏం బిడ్డా గుమీరో," అన్నాడు అవ్వ గొంతుతో. "అక్కడే నిలబడ్డావేం? నా కంచె అంత గట్టిదేం కాదే. సగం మేకలే తినేశాయి."

మాయి గుమీరో తల వంచుకుంది.

"గిలక పెట్టి మాటన్నావట. అన్నావులే. చావింట్లో సహ్విరా మాట ముందు ఏ గిలకా నిలవదు, మీ తాతలు పెట్టిన కట్టుబాటది. జరిమానా ఒక కోడి. నాకిస్తే మాట చెరిగిపోతుంది. పెట్టను ఇవ్వు, పుంజు నాకు నమలడానికి రాదు, పళ్ళు లేవు."

ఎర్ర జాకెట్లలో ఊపిరి కదిలింది. అందరికీ అది దారిగా కనిపించింది. మాయి బెకీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "కోడి నేనిస్తాను. నడువు మాయి గుమీరో. కాళ్ళు గడ్డకట్టి చస్తున్నాం."

మాయి గుమీరో కంచె దాటింది. సంఘం బయటే ఆగి చూస్తోంది.

గదిలో అవ్వ చాప మీద ఉంది. గంజి పెట్టిన కాలరు బిర్రుగా ఉంది. తల కాస్త ఎత్తితే తప్ప రెండు అంచులూ కలవవు. లవ్‌నెస్ తలాపున మోకరిల్లి, మెడ కింద రెండు చేతులూ ఆనించి, తల ఎత్తి పట్టుకుంది.

"చెయ్యి తియ్యి," అంది మాయి గుమీరో.

"తీస్తే తల వాలిపోతుందమ్మా."

"మావాళ్ళు పట్టుకుంటారు."

"పొద్దుట్నుంచీ నేనే పట్టుకున్నాను. మీరు గుండీ పెట్టండి. గుండీ నేను అడగడం లేదు కదా."

గుమ్మంలో ఫనుయేల్ మళ్ళీ అవ్వ గొంతు తీశాడు. "త్వరగా కానివ్వండే. మీ ఇద్దరి పోట్లాటకు నా మెడ పట్టేస్తోంది."

బయట ఎవరో నవ్వారు. మాయి గుమీరో మోకరిల్లింది. ఆమె నుదురు, లవ్‌నెస్ నుదురు దాదాపు తాకేంత దగ్గరయ్యాయి. కాలరు అంచులు పట్టుకుంది. గుండీని వేళ్ళ మధ్యకు తీసుకుంది. తీసుకున్నాక ఆగింది. గుండీ తెల్లది, దాన్ని కుట్టిన దారం మాత్రం నీలం. కుట్టు కొత్తది.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనేనమ్మా. వదులైతే అవ్వ కుట్టమంది, పోయిన వారం. గట్టిగా కుట్టు, గుమీరో వచ్చి పెట్టేటప్పుడు ఊడి రాకూడదు అంది. తెల్లదారం లేకపోతే..."

"నిన్ను కుట్టమందా?"

"ఇంట్లో నేనే ఉన్నాను కదా."

మాయి గుమీరో గుండీని వదిలేసింది. లేచి స్కర్టు దులుపుకుంది.

"ఇది మా గుండీ కాదు," అంది.

ఫనుయేల్ శాలువా తీసి చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి తన సొంత గొంతుతోనే మాట్లాడాడు. "గుమీరో, కోడి వద్దులే. గుండీ పెట్టు."

ఆమె అతన్ని దాటుకుని బయటికి నడిచి, కంచె అవతల తన వరుసలో, తన చోట నిలబడి గిలక అందుకుంది. కీర్తన మొదలైంది.

పెట్టెను టెంటు స్త్రీలు, అవ్వ మరిది కొడుకు, ఫనుయేల్ మోశారు. ఎర్ర జాకెట్లు శ్మశానం గేటు దాకా దూరంగా నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాయి. మాయి బెకీ ఒక్కతే టోపీ తీసి చంకలో పెట్టుకుని గేటు లోపలికి వెళ్ళింది. ఎరీనా అవ్వను మెడ గుండీ పెట్టకుండానే పూడ్చారు. మూడు నెలల సమావేశంలో మాయి బెకీ జాకెట్టు వెనక్కి తీసుకున్నారు. మాయి గుమీరో పోటీ లేకుండా మళ్ళీ నాయకురాలైంది. లవ్‌నెస్ ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసింది.